పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంటది?

గాజువాకలో స్పాన్సర్ అంటే వినాయకుడి పందిరికి ఫ్లెక్సీ కట్టించేవాడు. లేకపోతే కుర్రాళ్ల క్రికెట్ టోర్నమెంటుకి టీషర్టులు కొనిపెట్టి, వాళ్ల వీపుల మీద తన షాపు పేరు అచ్చేయించుకునేవాడు. మా ఇంట్లో మాత్రం ఆ మాట వినపడితే అమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది. అమ్మకి తెలిసిన స్పాన్సర్ ఒక్కడే. కువైట్‌లో ఆయన ఇంట్లో ఆవిడ పనిచేసింది. ఆవిడ పాస్‌పోర్ట్ ఆయన బీరువాలో ఉండేది.

నాకు ఊహ తెలిసేసరికే నాన్న లేడు. నేను నాలుగో క్లాసులో ఉండగా అమ్మ ఖద్దామా వీసా మీద కువైట్ వెళ్లింది. ఖద్దామా అంటే ఇంట్లో పనిమనిషి, అంతే. నన్ను అమ్మమ్మ పెంచింది. నేను ఇంటర్‌లో ఉండగా అమ్మమ్మ పోయింది. అమ్మ రాలేదు, సెలవు దొరకలేదని ఫోన్లో చెప్పింది. చాలా నెలల తర్వాత వచ్చి, ఇంక ఎక్కడికీ వెళ్లనని ఆటోనగర్ దారిలో కర్రీ పాయింట్ పెట్టింది. కింద కొట్టు, పైన ఇల్లు. వర్క్‌షాపుల్లో పనిచేసే కుర్రాళ్లు, పెళ్లికాని వాళ్లు, పెళ్లయినా వంట కుదరని వాళ్లు, సాయంత్రం అయ్యేసరికి అందరూ మా అమ్మ కూర కోసం వచ్చేవారు. ఆ కూరల మీదే నేను బీటెక్, ఎంటెక్, పీహెచ్‌డీ అన్నీ చదివాను. నా సబ్జెక్టు మెటలర్జీ, అందులోనూ తుప్పు, ఇంగ్లీషులో కరోజన్. నవ్వకండి. సముద్రం ఒడ్డున ఉక్కు ఊళ్లో పెరిగినదాన్ని, మా ఇంటి కిటికీ ఊచలు నా చిన్నప్పట్నుంచీ పొట్టు పొట్టుగా రాలుతూనే ఉన్నాయి. తుప్పు కాక ఇంకేటి చదువుతాను?

పెళ్లెందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు ఇప్పుడే అడుగుతారు కాబట్టి చెప్తున్నాను, అది వేరే కథ, ఇక్కడ అనవసరం.

ఊరి చివర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. చేరిన రోజున ఏఓ గారు, అంటే ఆఫీసు వ్యవహారాలు చూసే పెద్దాయన, ఒరిజినల్స్ తెచ్చారా అమ్మా అని అడిగారు. టెన్త్ నుంచి పీహెచ్‌డీ దాకా అన్ని సర్టిఫికెట్లూ ఆయన చేతిలో పెట్టాను. కవర్లో పెట్టి, తన కుర్చీ వెనకున్న బీరువాలో పడేసి తాళం వేశారు. ఇందులో వింతేమీ లేదు. మధ్యలో మానేసి పోకుండా మా ప్రైవేటు కాలేజీల్లో మేష్టార్లందరివీ అలాగే ఉంచుకుంటారు. ఇవ్వనని అన్నవాళ్లని నేను చూళ్లేదు. అద్దెకి దిగేటప్పుడు అడ్వాన్సు ఇచ్చినంత మామూలుగా ఇచ్చేస్తాం, తర్వాత మర్చిపోతాం.

కొన్నేళ్లు బాగానే నడిచింది. తర్వాత పిల్లలందరూ కంప్యూటర్ సైన్సంటూ ఎగబడ్డారు. ఉక్కు ఊళ్లో ఉక్కు గురించి చదివే దిక్కు లేకుండా పోయింది. ఎండాకాలం వచ్చిందంటే మమ్మల్ని అడ్మిషన్ల డ్యూటీ అని ఊళ్ల మీదకి తోలేవారు. పీహెచ్‌డీ చేసిన మనిషిని, బ్రోచర్ల సంచీ భుజానికి తగిలించుకుని ఎలమంచిలిలోనూ భీమిలిలోనూ ఇంటర్ పాసైన పిల్లల ఇళ్లు వెతుక్కుంటూ తిరిగేదాన్ని. ఒకావిడైతే నన్ను చీటీల మనిషనుకుని, ఈ నెల కుదర్లేదమ్మా వచ్చే నెల రా అని తలుపేసుకుంది. గుమ్మంలో నిలబడి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. ఇంత చేసినా చివరికి మీటింగు పెట్టి, మీ బ్రాంచి త్వరలో మూసేస్తున్నాం, ఉండదల్చుకున్నవాళ్లు ఏదో ఒక కోర్సు చేసేసి కంప్యూటర్ పిల్లలకి పాఠాలు చెప్పుకోండి అని సెలవిచ్చారు.

నాకు అసలే ముక్కు మీద కోపం. మీటింగులో నోరు మూసుకున్నాను గానీ ఇంటికొచ్చాక గిన్నెలు గట్టిగా పెట్టాను. నాకు వచ్చింది తుప్పు. నాకు ఇష్టమైంది దాని గురించి పిల్లలకి చెప్పడం. ప్రభుత్వ యూనివర్సిటీలో పోస్టులు పడతాయని ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాశాయి. ఇక్కడ వద్దంటే బయట అడుగుతాను, అడిగితే పోయేదేముంది అనుకున్నాను.

అడగడం మాటలు కాదని తర్వాత తెలిసింది. విదేశీ యూనివర్సిటీల ఉద్యోగాల ప్రకటనలు రోజూ కాలేజీ బస్సులో కూర్చుని చూసేదాన్ని. చాలావాటికి కింద ఒక ముక్క ఉండేది: ఈ దేశంలో పనిచేసే హక్కు మీకు ముందే ఉండాలి. అంటే నాలాంటిదాన్ని రావద్దని మర్యాదగా చెప్పడం. ఆ ముక్క లేనివాటికి పెట్టేదాన్ని. అవి కూడా అసోసియేట్ ప్రొఫెసర్ అన్నవాటికే, ఎందుకంటే మా కాలేజీలో నా హోదా అదే. లెక్చరర్ అని కనిపిస్తే వేలితో పైకి తోసేసేదాన్ని. మన దగ్గర లెక్చరర్ అంటే ఇంటర్ చెప్పేవాడు కదా. ఇంత చదివి సముద్రాలు దాటి ఇంటర్ పిల్లలకి చెప్పుకోడానికా అని రోషం. ఏడాది పైన అలా తోసుకుంటూ పోయాను. పెట్టిన ప్రతిదానికీ ఒకటే జవాబు, మీ ఆసక్తికి ధన్యవాదాలు.

నా కళ్లు తెరిపించింది నా పాత స్టూడెంట్ ఒకడు. ఇంగ్లండులో పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఒకరోజు ఫోన్ చేసి మాటల్లో, మేడమ్, మా డిపార్ట్‌మెంట్‌లో లెక్చరర్ పోస్టు పడింది, కరోజన్ వాళ్లే కావాలంట, పెట్టండి అన్నాడు. నాకు ఒళ్లు మండి, నేను లెక్చరర్‌గా ఎందుకు పెడతానురా అన్నాను. వాడు భయం భయంగా, ఇక్కడ లెక్చరరంటేనే పర్మనెంటు ఉద్యోగం మేడమ్, పీహెచ్‌డీ ఉంటే గానీ రాదు, మీరు పెడుతున్న అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టంటే ఇక్కడ తలలు నెరిసినవాళ్లు పెట్టుకుంటారు అన్నాడు. ఏడాది పొడుగునా నాకు సరిపోయే ఉద్యోగాలన్నిటినీ నా వేలితో నేనే తోసేశాను. నా మొహానికి ఇంటర్ లెక్చరర్లంటే చిన్నచూపొకటి.

నా బయోడేటా కూడా వాడికే పంపించాను. వాడు అందులోంచి మా నాన్న పేరు తీసేశాడు, పుట్టిన తేదీ తీసేశాడు, అవివాహిత అన్నది తీసేశాడు. చివర్న పై వివరాలన్నీ నిజమని ఇందుమూలంగా ప్రకటించుచున్నాను అని సంతకం పెట్టి ఉంటుందే, దాన్నీ పీకేశాడు. అది లేకపోతే నమ్ముతారా అని అడిగాను. ఉంటేనే వింతగా చూస్తారు మేడమ్ అన్నాడు. వాడు చెప్పినట్టే, వాళ్లు అడిగిన ఒక్కో అర్హతకీ ఎదురుగా నేను చేసిన పని ఒక్కోటి రాసి పంపించాను. ప్రకటన అడుగున ఈసారి వేరే వాక్యం ఉంది: ఈ ఉద్యోగానికి వీసా స్పాన్సర్‌షిప్ ఇవ్వబడును.

ఈ వాక్యం అమ్మకి చెప్పలేదు. వీసా ఇప్పిస్తారంట అని మాత్రమే అన్నాను. కానీ మా ఇంట్లో గోడలు పల్చన. నేను ఫోన్లో స్టూడెంట్‌తో మాట్లాడుతుంటే స్పాన్సర్ అన్న మాట ఆవిడ చెవిన పడనే పడింది. ఆ పూట దొండకాయ వేపుడు మాడింది. ఆటోనగర్ కుర్రాళ్లు పైకి ఏమీ అన్లేదు గానీ సాంబారుతో సరిపెట్టుకున్నారు. అమ్మ నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. కోపం వస్తే అరిచే మనిషి మాట్లాడకపోతే ఇంట్లో ఉండడం కష్టం.

ఇంటర్వ్యూ మాటొచ్చాక ఆవిడే నోరు విప్పింది. ఏటి అడుగుతారంట అంది. పది నిమిషాలు పాఠం చెప్పమంటారు, తర్వాత ప్రశ్నలు, చివర్లో నీకేమైనా అడగాలని ఉందా అంటారు అని చెప్పాను. అయితే పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంటదో అడుగు అంది. నాకు చిరాకొచ్చింది. అది యూనివర్సిటీ అమ్మా, ఎవరిల్లో కాదు, అలాంటివి అడిగితే నవ్వుతారు అన్నాను. నవ్వితే నవ్వనీ, అడుగు అంది. నేను ల్యాబులో ఏ మిషన్లున్నాయో అడుగుదామని మంచి ప్రశ్న సిద్ధం చేసుకున్నాను, అది అడిగితే తెలివైనదనుకుంటారు.

ఇంటర్వ్యూ మన టైములో మధ్యాహ్నం పడింది. సాయంత్రం కూరలకి మసాలా రుబ్బే వేళ. అమ్మ ఆ పూట మిక్సీ కట్టేసి రోట్లో నూరింది, చప్పుడు తక్కువని. తెర మీద ముగ్గురున్నారు. ఒక తెల్లజుట్టు ప్రొఫెసరు, నా వయసే ఉండే డిపార్ట్‌మెంట్ హెడ్డు, ఆఫీసు వైపునించి ఒకావిడ. నేను మా ఇంటి కిటికీ ఊచ ఒకటి ఊడదీసి దగ్గర పెట్టుకున్నాను. కెమెరా ముందు పట్టుకుని వేలితో గీకితే ఎర్రటి పొట్టు రాలింది. ఉప్పుగాలి ఇనుముని ఎలా తింటుందో, రంగు వేసినా లోపల్నుంచి ఎలా తొలుస్తుందో చెప్పాను. వాళ్లదీ ఒకప్పుడు రేవూ ఉక్కూ ఉన్న ఊరేనంట. తెల్లజుట్టాయన కుర్చీలో ముందుకి జరిగి, ఆ ఊచ ఎన్నేళ్లది, సముద్రం ఎంత దూరం అని అడగడం మొదలుపెట్టాడు. నాకు ధైర్యం వచ్చింది. మా ఊరి గురించి అడిగితే నాకు భయమేముంటుంది?

చివర్న, మీకేమైనా అడగాలని ఉందా అన్నారు. ల్యాబు మిషన్లు అని నోరు తెరిచేలోగా గుమ్మం వైపు చూశాను. అమ్మ రోకలి పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, కానీ నా మొహమే చూస్తోంది. నా నోట్లోంచి, నేనక్కడ చేరితే నా పాస్‌పోర్ట్ ఎవరు ఉంచుకుంటారు అన్న మాటే వచ్చింది.

ముగ్గురూ ఒకర్నొకరు చూసుకున్నారు. అయిపోయింది, చేతికొచ్చింది నేలపాలు చేసుకున్నాననుకున్నాను. ఆఫీసావిడ మాత్రం నవ్వలేదు. మీ పాస్‌పోర్ట్ మీ దగ్గరే ఉంటుంది, ఎవరైనా ఇమ్మని అడిగితే నాకు చెప్పండి అంది. తర్వాత మెల్లగా, ఇంతకుముందు మీది ఎవరైనా ఉంచుకున్నారా అని అడిగింది. నాది కాదు, మా అమ్మది అన్నాను. ఆవిడ తలూపి రాసుకుంది. ఈ మాట అమ్మకి తెలుగులో చెప్తే, సేరేదాకా అందరూ అలాగే అంటారులే అని రోకలి పట్టుకుని వెళ్లిపోయింది.

ఉద్యోగం వచ్చింది. మెయిల్ చూసింది కాలేజీ బస్సులోనే, స్టీల్ ప్లాంట్ గేటు దాటుతుండగా. పక్కనున్న ఇంగ్లీషు మేడమ్‌కి ఫోన్ ఇచ్చి, నేను చదివింది నిజమేనా చూడండి అన్నాను. వీసా కోసం యూనివర్సిటీ వాళ్లు ఒక నంబరు ఇస్తారు, దానికి గడువుంటుంది. ఆ లోపల అప్లై చెయ్యాలి, వెళ్లి చేరాలి. చేరిన రోజున పాస్‌పోర్టూ, ఒరిజినల్ సర్టిఫికెట్లూ చూపించాలి, చూపించందే చేర్చుకోం అని స్పష్టంగా రాశారు. అంతవరకూ చదివి సరే అనుకున్నాను. ఒరిజినల్స్ ఎక్కడున్నాయో అప్పుడు గుర్తొచ్చింది.

ఏఓ గారి దగ్గరికి రాజీనామా పట్టుకెళ్లాను. ఆయన చాలా సంతోషించారు, స్వీట్లు ఎప్పుడమ్మా అన్నారు. ఒరిజినల్స్ అనేసరికి, దానికేముందమ్మా, ఇన్‌స్పెక్షన్ అయ్యాక ఇచ్చేస్తాం అన్నారు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్లు కాలేజీలో పీహెచ్‌డీ ఉన్నవాళ్లెంతమందని తలలు లెక్కపెడతారు. మూసేసే బ్రాంచి మేడమ్‌తో పనిలేదు గానీ ఆవిడ తలతో పని ఉంది. ఎప్పుడండీ ఇన్‌స్పెక్షన్ అంటే వచ్చే నెల అన్నారు. వచ్చే నెల అడిగితే వచ్చే నెలే అన్నారు. ప్రిన్సిపాల్ గారి దగ్గరికెళ్తే, నా చేతిలో ఏముందమ్మా, ఛైర్మన్ గారు అని పైకి చూపించారు. ఛైర్మన్ గారు ఎప్పుడూ మీటింగులోనే. గడువు కరిగిపోతోంది. వీసా నంబరు చేతిలో ఉంది, ఉద్యోగం నాది, చదువు నాది, దాని కాగితాలు మాత్రం ఏఓ గారి కుర్చీ వెనక బీరువాలో. బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను, అబద్ధమెందుకు.

ఒకరోజు పొద్దున్న అమ్మ ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని, ఇంక కుదరదేమోనమ్మా అన్నాను. సంగతంతా అప్పుడే చెప్పాను. ఇన్‌స్పెక్షన్ అయ్యాక ఇస్తాం అంటున్నారు అన్నాను. అమ్మ కత్తి పక్కన పెట్టింది.

"అయ్యాక అన్నాడా?" అంది.

అప్పుడు చెప్పింది, ఇన్నేళ్లూ చెప్పనిది. అమ్మమ్మ పోయినప్పుడు సెలవు దొరకలేదన్నది నిజం కాదు. టికెట్టుకి డబ్బులు ఆవిడ దగ్గరే ఉన్నాయంట. ఆ ఇంటివాళ్లు చెడ్డవాళ్లు కాదు, తిండి బాగా పెట్టేవారు, జ్వరమొస్తే డాక్టరుకి చూపించేవారు. పాస్‌పోర్ట్ మాత్రం మేడ మీద బీరువాలో ఉండేది. అమ్మ పోయింది, వెళ్లాలి, ఇవ్వండి అని అడిగితే, వచ్చే వారం పెద్దమ్మాయి పెళ్లి, పెళ్లయ్యాక వెళ్దువుగానిలే అన్నారు. పెళ్లయ్యాక అడిగితే ఇల్లంతా చుట్టాలు, చుట్టాలు వెళ్లాక అన్నారు. చుట్టాలు వెళ్లాక ఇంకేదో. వాళ్లు ఒక్కసారి కూడా ఇవ్వం అని మాత్రం అనలేదు. ఇక్కడ కర్మకాండలు అయిపోయాయి. ఇంక తొందరేముందిలే అని వాళ్లే అన్నారంట.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా" అన్నాను.

"ఏటని సెప్పను? నా పుస్తకం ఇంకోడి బీరువాలో ఎట్టుకుని, రాలేకపోనానని సెప్పుకోడానికి సిగ్గెయ్యలేదా" అంది. తర్వాత చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది, ఉల్లిపాయల వల్లో ఇంకెందువల్లో నేను అడగలేదు. "ఆళ్ల 'అయ్యాక' ఎప్పటికీ అవ్వదు, ఎర్రిదానా" అంది.

నా చెంప మీద ఎవరో కొట్టినట్టయింది. ఇంగ్లండు వాళ్లని ఇంటర్వ్యూలో నిలబెట్టి పాస్‌పోర్ట్ ఎవరుంచుకుంటారని అడిగాను. ఆ అడిగిన రోజున కూడా నా చదువంతా మా ఊళ్లోనే, మా ఇంటికి బస్సు దూరంలో, ఒకాయన బీరువాలో తాళం కింద ఉంది. దాన్ని నేను మామూలనుకున్నాను. అమ్మ తన స్పాన్సర్‌ని స్పాన్సర్ అని అంది, నేను నా స్పాన్సర్‌ని ఏఓ గారండీ అన్నాను, అంతే తేడా.

మర్నాడు నేను క్లాసులో ఉండగా అటెండరొచ్చి, మేడమ్, మీ అమ్మగారు అడ్మిషన్ హాల్లో ఉన్నారు అన్నాడు. మా అమ్మ కర్రీ పాయింట్ మూసిందంటే తుఫానైనా రావాలి. పరిగెత్తుకెళ్లాను. హాలంతా అడ్మిషన్ల రద్దీ. పిల్లల్ని చేర్చడానికొచ్చిన తల్లిదండ్రులు ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని సోఫాల్లో కూర్చున్నారు. వాళ్ల మధ్యలో పెట్టెలోంచి తీసిన మంచి చీర కట్టుకుని, కాళ్ల దగ్గర క్యారేజీ పెట్టుకుని మా అమ్మ. క్యారేజీ ఎందుకే అంటే, ఎంతసేపవుద్దో తెలీదు కదా అంది.

ఏం గొడవ పెట్టుకుంటుందోనని నాకు భయం. గొడవేమీ లేదు. పక్కన కూర్చున్న భీమిలి ఆయనతో చాలా మర్యాదగా మాట్లాడుతోంది. అబ్బాయిని ఏ గ్రూపులో ఏత్తన్నారు బాబూ, ఒరిజినల్సు ఇచ్చీసినారా, ఇంకా లేదా అని అడుగుతోంది. తర్వాత, మా అమ్మాయివీ ఇక్కడే ఉన్నాయి బాబూ, ఈ కాలేజీలో పీహెచ్‌డీ మేడమే, ఉద్యోగవొచ్చింది కదాని తీసుకుందావని వచ్చాను, ఇన్‌స్పెక్షన్ అయ్యాక ఇత్తారంట, కూకున్నాను అని చెప్తోంది. ఒక్క ముక్క అబద్ధం లేదు, ఒక్క ముక్క నింద లేదు. భీమిలాయన తన ఒళ్లో ఫైలుని కాస్త దగ్గరికి లాక్కున్నాడు. అటుపక్క కూర్చున్న దంపతులు ఇటు జరిగి, ఏటంటున్నారండీ అని అడిగారు. అమ్మ వాళ్లకీ అదే మాట, అదే మర్యాదతో మళ్లీ చెప్పింది.

ఏఓ గారు చెమటలు తుడుచుకుంటూ వచ్చి, అమ్మా, లోపల ఏసీ రూములో కూర్చోండి, కాఫీ తెప్పిస్తాను అన్నారు. అమ్మ లోపలికెళ్లి కాఫీ తాగి, బాగుంది బాబూ అని చెప్పి, మళ్లీ వచ్చి అదే సోఫాలో కూర్చుంది. నాతోనేమో, నీ క్లాసుకి నువ్వెళ్లు, పిల్లలు ఎదురుసూత్తారు అంది. నేను వెళ్లలేకపోయాను. స్తంభం పక్కన నిలబడ్డాను. ఇద్దరు ముగ్గురు తండ్రులు లేచి, జిరాక్సులిస్తే చాలదా అని కౌంటర్లో అడగడం వినిపించింది.

మధ్యాహ్నానికి, ఎప్పుడూ మీటింగులో ఉండే ఛైర్మన్ గారు మీటింగులోంచి బయటికి వచ్చేశారు. నవ్వుతూనే వచ్చారు. ఏమ్మా, మేమేమైనా పరాయివాళ్లమా, అమ్మాయి సర్టిఫికెట్లు ఎక్కడికీ పోవు, ఒక్క ఇన్‌స్పెక్షన్ అయ్యాక నేనే ఇంటికి పంపిస్తాను కదా అన్నారు. హాలంతా వింటోంది. అమ్మ లేచి నిలబడి దణ్ణం పెట్టింది.

"ఇన్‌స్పెక్షను మీది బాబూ," అంది. "కాయితాలు మా అమ్మాయివి."

అంతే. గొంతు కూడా పెంచలేదు. కువైట్‌లో మేడ మెట్ల కింద నిలబడి అనలేకపోయిన మాట, ఇన్నేళ్లకి వేరే బీరువా దగ్గర అనేసిందని నాకప్పుడే అనిపించింది. ఛైర్మన్ గారు ఆవిణ్ణి చూశారు, సోఫాల్లో ఫైళ్లు పట్టుకున్నవాళ్లని చూశారు. ఏఓ గారి వైపు తిరిగి, ఇచ్చెయ్యండయ్యా, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు అని కసిరారు.

బీరువా దగ్గరికెళ్తే తాళం తిరగలేదు. తుప్పు పట్టేసింది. ఏఓ గారు అటూ ఇటూ తిప్పి, సిగ్గుపడుతూ, మేడమ్, ఇది మీ సబ్జెక్టే కదా అన్నారు. వర్క్‌షాప్ నుంచి మిషన్ ఆయిల్ తెప్పించి నాలుగు చుక్కలు నేనే పోశాను. కాసేపు ఆగి తిప్పితే తిరిగింది. కవర్లో అన్నీ ఉన్నాయి. బీటెక్ సర్టిఫికెట్ మూల గుండుసూది గుచ్చినచోట ఎర్రటి మరకయింది, అంతే. అప్పుడొచ్చింది నాకు ఏడుపు, అందరి ముందూ. హమ్మయ్య అన్న మాట నోట్లోంచి కాదు, ఒంట్లో ఎక్కణ్ణించో వచ్చింది.

ఆటోలో ఇంటికొస్తుంటే కవరు అమ్మే తీసుకుంది, ఇవ్వమ్మా నేను పట్టుకుంటాను అని నేనంటే ఇవ్వలేదు. గాజువాక జంక్షన్ వచ్చేదాకా రెండు చేతులతో ఒళ్లోనే పట్టుకుంది. ఇంటికొచ్చాక నా చేతిలో పెట్టి, బీరువాలో ఎట్టుకో, తాళం నీ దగ్గరుంచుకో అంది. సాయంత్రం కొట్టు ఆలస్యంగా తెరిచింది. ఆ రోజు గుత్తొంకాయ చేసింది, ఆటోనగర్ కుర్రాళ్లకి ఒక్కో గరిటె ఎక్కువే పడింది.

వీసా వచ్చింది, గడువు లోపలే చేరాను. ఆ ఊళ్లో గాలి చల్లన గానీ ఉప్పు వాసన మనదే. మొదటి రోజు పొద్దున్న ఇంటర్వ్యూలో చూసిన ఆఫీసావిడ దగ్గరికెళ్లాను. పాస్‌పోర్టూ సర్టిఫికెట్లూ బల్ల మీద పెట్టాను. ఆవిడ తిరగేసి చూసింది. ఎర్రమరక మీద వేలు పెట్టి, ఇదేంటి అని అడిగింది. నా స్పెషలైజేషన్ అన్నాను. నవ్వి, మిషన్ మీద కాపీలు తీసుకుని, అన్నీ వరసగా సర్ది నా ముందుకి తోసింది. నేను అలాగే కూర్చున్నాను. ఇంకా ఏమైనా కావాలా అని అడిగింది. ఏమీ లేదన్నాను. అవన్నీ తీసుకుని లేచి వెళ్లిపోవచ్చని నాకు తట్టలేదు.

భోజనాల వేళకి అమ్మకి వీడియో కాల్ చేశాను. మా ఊళ్లో సాయంత్రం, కూరలు దించే టైము. అమ్మ ఫోన్ని ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టింది, వెనక ఆవిరి వస్తోంది. ప్రయాణమెలా జరిగింది, చలెలా ఉంది, గది బాగుందా, ఏదీ అడగలేదు.

"పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది?"

సంచీలోంచి తీసి చూపించాను. తెరిచి నా ఫొటో ఉన్న పేజీ చూపించమంది, చూపించాను. ఇంటికి పట్టుకెళ్తావా అంది. పట్టుకెళ్తానన్నాను. అమ్మ స్టవ్ సిమ్‌లో పెట్టి, ఫోన్ చేతిలోకి తీసుకుని, మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"నచ్చకపోతే, ఎవర్నీ అడక్కుండా నీకు నువ్వే వచ్చీడానికవుద్దా?"

"అవుద్దమ్మా" అన్నాను.

ఆవిడ ఊపిరి వదలడం నాకు వినిపించింది.

"అయితే ఉండు" అంది.